పద్నాలుగో పాయింటు

ఆమెను అందరూ లిస్టక్క అనేవారు. విదేశాల్లో సీటు వచ్చిన పిల్లలను సిద్ధం చేసి పంపే ఒక ఆఫీసులో తొమ్మిదేళ్ళు పనిచేసింది. మెట్లెక్కగానే ఎడమచేతి గది ఆమెది. ఒక బల్ల, రెండు కుర్చీలు, పెట్టెల బరువు చూసే కాటా. వీసా స్టాంపు పడిన పిల్లలు చివరగా ఆ గదికి వచ్చేవారు. ఆమె వాళ్ళ చేతికి నాలుగు పేజీల లిస్టు ఇచ్చి, ఒక్కో పాయింటూ వేలు పెట్టి చదివించేది. ఏ కాగితం చేతిసంచిలో ఉండాలి, ఏది పెట్టెలో పడెయ్యొచ్చు, దిగగానే ఎవరికి ఫోన్ చెయ్యాలి, అద్దె గది తలుపు తీశాక మొదట ఏం చూసుకోవాలి, అన్నీ అందులో ఉండేవి. మూడో పాయింటంటే ఆమెకు మహా ఇష్టం: తెలియనిది అడగడానికి సిగ్గుపడకండి. అక్కడికి వచ్చేసరికి గొంతు కాస్త పెంచేది.

ఇంత చెప్పిన మనిషి విమానాశ్రయంలో అద్దాల తలుపు దాటి లోపలికి పోయింది లేదు. పిల్లలను సాగనంపడానికి వెళ్ళినప్పుడల్లా ఆ తలుపు దగ్గరే ఆగి, చెయ్యి ఊపి, బస్సెక్కి వచ్చేసేది.

ఇందులో తప్పంతా ఆమెదే అనడానికి లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తండ్రి, "ఈ అమ్మాయికి అక్కడి సంగతులు ఏం తెలుస్తాయండీ?" అని అడిగాడు. ఆఫీసు యజమాని తడుముకోకుండా, "భలేవారే, మా మేడమ్ అక్కడ చదువుకుని వచ్చినావిడే" అన్నాడు. ఆమె తల వంచుకుని కంప్యూటర్లో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. ఆవేళ అబద్ధం ఆడింది యజమాని. తరువాత తొమ్మిదేళ్ళూ నోరు కుట్టేసుకున్నది మాత్రం ఆమే.

లిస్టు చాలావరకు నిజమే. యూనివర్సిటీలు పంపే పుస్తకాల్లోంచీ, వెళ్ళినవాళ్ళు పెట్టే మెసేజీల్లోంచీ ఏరి పోగుచేసింది. ఒక్క పద్నాలుగో పాయింటే ఆమె సొంతం. రెండో పేజీ అడుగున నాలుగు వేళ్ళ జాగా మిగిలిపోయింది. "ఖాళీ కనిపిస్తే జనం మనం ఏదో మర్చిపోయామనుకుంటారు, ఏదో ఒకటి నింపండి" అన్నాడు యజమాని. ఆమె కప్పులో టీ చల్లారేలోగా నింపేసింది. దిగిన మూడు రోజుల్లోపు మీ భవనంలో ప్రతి తలుపూ తట్టండి. మీ పేరూ, చదివే చదువూ చెప్పండి. వాళ్ళ చేతిలో ఏదైనా చిన్న వస్తువు పెట్టండి. ఇది ఆనవాయితీ.

అలాంటి ఆనవాయితీ ఎక్కడైనా ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఆమెకు తెలిసింది వేరే. ఈ ఉద్యోగం కోసం ఊరు మారి లేడీస్ హాస్టల్లో చేరినప్పుడు మూడు నెలల పాటు ఆమె పేరు అడిగిన మనిషి లేదు. ఆ మూడు నెలలు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు ఏడుపొచ్చేది. కానీ లిస్టులో ఏడుపులు రాయరు గదా. అందుకని ఆనవాయితీ అని రాసింది.

నాలుగు వందల మందిని సాగనంపాక, ముప్పై ఆరో ఏట, ఆమెకే సీటు వచ్చింది. లైబ్రరీ సైన్సులో ఏడాది కోర్సు. గుట్టుగా అప్లికేషన్ పెట్టుకుంది, గుట్టుగా వీసా తెచ్చుకుంది. యజమానికి చెబితే ఆయన అందరి ముందూ, "మళ్ళీ వెళ్తున్నారన్నమాట. పాత స్నేహితులందరినీ అడిగానని చెప్పండి" అన్నాడు. చెప్పగా చెప్పగా ఆయన తన అబద్ధాన్ని తనే నమ్మేశాడు.

పెట్టె సర్దుతుంటే వదిన వచ్చి ఆరు స్టీలు చెంచాలు తువ్వాల్లో చుట్టి లోపల పెట్టింది.

"రెండు చాలు వదినా. లిస్టులో రెండే రాశాను."

"నీ లిస్టు ఊళ్ళోవాళ్ళకి ఇచ్చుకో. ఇంటికి ఎవరైనా వస్తే అరచేతుల్లో పెట్టి తినమంటావా?"

"నా గదికి ఎవరొస్తారు?"

"వస్తారులే" అంది వదిన, పెట్టె మీద కూర్చుని జిప్పు లాగుతూ.

పద్నాలుగో పాయింటు ప్రకారం కొనాల్సిన చిన్న వస్తువుల జోలికి మాత్రం లిస్టక్క పోలేదు. అది ఉత్తదని ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? అరకిలో బరువు మిగిలిందని సంబరపడింది.

దిగగానే ఎదురొచ్చింది కళ్ళజోడు పిల్ల. నాలుగేళ్ళ కిందట ఆమె లిస్టు పట్టుకుని వచ్చి, చదువు ముగించి, ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి గది ఖాళీ చేస్తోంది. ఆ గదే అక్కకు ఇప్పించింది. మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం, గోడకు ఒక వంట గట్టు, దాని మీద రెండు పొయ్యిల కరెంటు స్టవ్వు.

"స్టవ్వు అదిగో అక్కా. మీకు చెప్పేదేముంది" అంది కళ్ళజోడు పిల్ల.

"అవునవును" అంది లిస్టక్క.

"చెత్త సంగతి మామూలే. బట్టల మిషన్ కింద ఉంది, దానికి అదే పాత రోగం."

"ఓహో, ఇంకా బాగుచేయించలేదూ?"

"ఏం బాగుచేయిస్తారక్కా, మీకు తెలియనిదా."

పాత రోగం ఏమిటో ఆమెకు తెలియదు. చెత్తలో మామూలు ఏమిటో అంతకంటే తెలియదు. అడగడానికి నోరు తెరిచి, దాన్ని చిరునవ్వుగా మార్చుకుంది. చివరికి ఒక్కటే అడిగింది. "నేనెవరో ఇక్కడ ఎవరికీ చెప్పకమ్మా."

"ఎంత నిగర్వులక్కా మీరు" అని కళ్ళజోడు పిల్ల కౌగిలించుకుని, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది కాగితం. గది అద్దెకిచ్చిన ఇంటావిడ సంతకం పెట్టిన చిరునామా కాగితం శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు యూనివర్సిటీ ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వకపోతే సీటు వచ్చే ఏడాదికి పోతుంది. వచ్చే ఏడాది దాకా వీసా ఆగదు. ఉద్యోగం వదిలేసింది, హాస్టల్ గది ఇచ్చేసింది. తిరిగి వెళ్ళి ఆ మెట్లెక్కి, చిరునామా కాగితం తెచ్చుకోలేకపోయానని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? లిస్టులో అది ఐదో పాయింటు.

ఇంటావిడది మొదటి అంతస్తు. బక్కపలచటి మనిషి, నడుముకు తాళాల గుత్తి. కాగితం తీసుకుని సొరుగులో పెట్టేసింది. "వారం చూస్తాను. మెట్ల మీద మనిషి ఎలా ఉంటుందో చూడకుండా నేను దేని మీదా సంతకం పెట్టను."

సరే, మెట్ల మీద తన ఉనికే తెలియకుండా ఉందామని లిస్టక్క నిర్ణయించుకుంది. మునివేళ్ళ మీద నడిచింది. కుర్చీ కాళ్ళకు సాక్సులు తొడిగింది. తుమ్మొస్తే దిండులో మొహం పెట్టుకుని తుమ్మింది. స్టవ్వు ఎన్ని మీటలు నొక్కినా వేడెక్కలేదు. ఆరు రోజులు రొట్టె, పళ్ళు, చల్లటి పాలతో గడిపింది. రెండుసార్లు కళ్ళజోడు పిల్ల నంబరు నొక్కబోయి ఆపేసింది. అక్కకు స్టవ్వు వెలిగించడం రాదని తెలిస్తే ఆ పిల్ల నవ్వదు, నమ్మదు, అదీ బాధ. పోనీ పక్కవాళ్ళను అడుగుదామంటే, తొమ్మిదేళ్ళు అన్నీ తెలిసినట్టు అలవాటైన నోటికి ప్రశ్న రాలేదు.

మెట్ల మీద ఎదురైనవాళ్ళు మాత్రం చిత్రంగా ప్రవర్తించేవారు. మొదట నవ్వేవారు. తరువాత ఆమె చేతుల కేసి చూసేవారు. తరువాత నవ్వు తగ్గేది. తన చేతుల్లో ఏముందని అనుమానిస్తున్నారో అని ఆమె హడలిపోయింది. మూడో రోజు నుంచి ఎవరైనా కనిపిస్తే రెండు అరచేతులూ ముందుకు చాపి, చూడండి బాబూ ఏమీ లేదు అన్నట్టు ఊపుతూ నడిచేది. దాంతో వాళ్ళు నవ్వడం కూడా మానేశారు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఆమె కాగితం కోసం వెళ్ళింది. ఇంటావిడ కూర్చోమంది. సంతకం మాత్రం పెట్టలేదు.

"నేనేమైనా చప్పుడు చేశానాండీ?"

"చేసుంటే బాగుండేది. గదిలో మనిషి ఉందో పోయిందో తెలియక హడలిపోయాం. అయినా మీకు ఈ ఇల్లు నచ్చలేదని అర్థమైంది. నచ్చనివాళ్ళ కాగితం మీద నేనెందుకు సంతకం పెట్టడం?"

"నచ్చలేదని ఎవరన్నారు?"

ఇంటావిడ గోడ వైపు చెయ్యి చూపించింది. అక్కడ ఒక అద్దాల బీరువా. దాని నిండా తాళం చెవుల గొలుసులు, చెక్క దువ్వెనలు, బుల్లి గంటలు, రంగుల డబ్బాలు. ప్రతిదాని కిందా ఒక చీటీ, చీటీ మీద ఒక పేరు. లిస్టక్క ఆ పేర్లన్నీ చదవగలిగింది. అన్నీ ఆమె కాటా మీద పెట్టె తూచుకుని వెళ్ళిన పేర్లే.

"మీ దేశపు పిల్లలు ఎవరొచ్చినా మూడు రోజుల్లో తలుపు తడతారు. అదేదో మీ ఆనవాయితీ అట. చాలా మంచి పద్ధతి. ఈ వీధంతా అలవాటైపోయింది. మీరొక్కరే రాలేదు. కింద రైలు డ్రైవరు గారు ఉన్నారే, రిటైరైనాయన, మీరొస్తారని మూడు రోజులు బూట్లు కూడా విప్పకుండా ఇంట్లో కూర్చున్నారు. నాలుగో రోజు నా దగ్గరకొచ్చి, ఈవిడకి మనమంటే చులకనేమో అన్నారు."

ఇంటావిడ సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ అట్ట తీసి చేతిలో పెట్టింది. "కళ్ళజోడు అమ్మాయి మా భాషలో రాసిచ్చింది. చదువుకోండి. మీ పెద్దావిడ ఎవరో రాసిందట. మీ పద్ధతులు మీకే తెలియకపోతే ఎలా?"

ఆమె చదివింది. ఆ భాషలో తన పాయింట్లన్నీ తనకంటే తెలివైన మనిషెవరో రాసినట్టున్నాయి. మూడో పాయింటు దగ్గర ఆమెకు సిగ్గేసింది. పద్నాలుగో పాయింటు కింద, ఇది ఆనవాయితీ, అని ఉంది. ఎవరిదో రాయలేదు. అక్కడివాళ్ళదని పిల్లలు అనుకున్నారు, పిల్లలదని అక్కడివాళ్ళు అనుకున్నారు, మధ్యలో తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. నిజంగానే ఇప్పుడది ఆనవాయితీ. దాన్ని తప్పింది ఒకే ఒక్క మనిషి.

గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. ఆమె మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, పెట్టె తెరిచి, తువ్వాల్లోంచి చెంచాలు తీసింది. తన తలుపు కాక ఆ భవనంలో ఐదు తలుపులు. ఆరు చెంచాలు. వదిన కాళ్ళకు అక్కడి నుంచే దణ్ణం పెట్టుకుంది.

ఆస్పత్రి డ్యూటీ ముగించుకొచ్చిన నర్సులకు ఒకటి. కుట్టు మిషన్ మీంచి లేచి వచ్చిన దర్జీకి ఒకటి. చంటిపిల్లను భుజాన వేసుకున్న తల్లికి ఒకటి. ప్రతి తలుపు దగ్గరా తన పేరు చెప్పింది. లిస్టక్క అని తప్ప ఎవరూ పిలవక, ఆ పేరు ఆమె నోటికే కొత్తగా తగిలింది. చంటిపిల్ల చెంచాను వెంటనే నోట్లో పెట్టుకుంది. నాలుగోది ఇంటావిడకు ఇస్తే తిప్పి చూసి, చీటీ రాసి, బీరువాలో పెట్టి, ఆమె వెంటే కిందికి దిగింది. డ్రైవరు గారి తలుపు దగ్గర ఏం జరుగుతుందో చూడాలి కాబోలు.

పెద్దాయన బూట్లేసుకునే ఉన్నాడు. చెంచా తీసుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయన మొహం చూశాక ఆమె ఇక ఆగలేకపోయింది.

"మూడు రోజులు కూర్చోబెట్టాను, క్షమించండి. ఆ లిస్టు రాసింది నేనే. ఆ పద్నాలుగోది నేను ఊరికే అల్లి రాశాను. అందుకే రాలేదు."

పెద్దాయన ఇంటావిడ వైపు చూశాడు. ఇంటావిడ మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"తప్పు చేసినప్పుడు తప్పయిందంటే చాలమ్మా" అన్నాడాయన. "పెద్దవాళ్ళ పేరు వాడుకోకూడదు. ఆ రాసినావిడ ఇలా ఆరు రోజులు గదిలో దాక్కునే రకం కాదు."

"నాకు బాగా గుర్తు" అంది ఇంటావిడ. "పొడుగ్గా ఉండేది. మీ గదిలోనే ఉండేది. పొద్దున్నే అందర్నీ పలకరించందే బయటికెళ్ళేది కాదు."

ఐదడుగులైనా నిండని లిస్టక్క ఆ పొడుగు మనిషి గురించి మరి మాట్లాడలేదు. ఇంటావిడ అక్కడే గోడకు ఆనించి కాగితం మీద సంతకం పెట్టింది. ఐదుకు పది నిమిషాలుండగా యూనివర్సిటీ కిటికీలో ఆ కాగితం మీద ముద్ర పడింది.

తిరిగొచ్చేసరికి డ్రైవరు గారు ఆమె గది ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో చెంచా అలాగే ఉంది.

"అడగకూడదేమో, ఒక మాట. వారం నుంచి మీ గదిలోంచి వంట వాసన రాలేదు. ఒంట్లో బాగుండటం లేదా?"

"బాగానే ఉందండీ." ఆమె తాళం చెవి తిప్పుతూ ఒక్క క్షణం ఆగింది. "స్టవ్వు వెలిగించడం రాదు."

ఆయన లోపలికొచ్చి, తలుపు వెనక నడుమెత్తున ఉన్న ఎర్ర మీట నొక్కాడు. స్టవ్వు మీద చిన్న దీపం వెలిగింది. ఆరు రోజులుగా ఆమె ఆ మీట మీదే తువ్వాలు ఆరేస్తోంది. ఆమె గిన్నెలో నీళ్ళు పోసి పెట్టింది. నీళ్ళు మరిగే చప్పుడు వినగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆయనకు కనిపించకుండా ఉండాలని కూడా ఆమెకు అనిపించలేదు.

"నేను ఇంతకుముందు ఇక్కడికి ఎప్పుడూ రాలేదండీ" అంది. "ఇక్కడికే కాదు, ఎక్కడికీ వెళ్ళలేదు. ఇదే మొదటిసారి." తొమ్మిదేళ్ళలో ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

"తెలుస్తూనే ఉంది లెండి" అన్నాడు పెద్దాయన, ఎర్ర మీట ఎక్కడుందో ఇంకోసారి చూపిస్తూ.