ఎక్కడ లేదో చెప్పండి

ఆ గదిలో అందరికీ తెలిసిన మందు ఒకటే: ఆపి మళ్ళీ వేయండి. ఆసుపత్రుల్లో యంత్రం ఏది మొరాయించినా ఫోన్ ఇక్కడికే వస్తుంది. అవతలివాళ్ళు గొంతు సవరించుకునేలోపే వీళ్ళు ఆ మందు చెప్పేసేవాళ్ళు. అందరికంటే ముందు చెప్పేవాడికి జవాబులరావు అని పేరు పడిపోయింది. నెమ్మదస్తురాలైన చెల్లెలు కూడా చివరికి చెప్పేది అదే. ఆమెను అందరూ చెల్లెలు అనే పిలుస్తారు. రోజూ సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోన్ చేసే నర్సు ఆమెకు సొంత అక్క మరి.

ఆ రోజు వాళ్ళకు పాఠం చెప్పడానికి ఒక పెద్దావిడ వచ్చింది. వచ్చీరాగానే పంతులమ్మ అయిపోయింది. బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసి, ఒక వైపు ‘ఉంది’ అనీ రెండో వైపు ‘లేదు’ అనీ రాసింది.

"ఇబ్బంది ఎక్కడుందో మీకు వాళ్ళే చెబుతారు. ఎక్కడ లేదో మీరే అడగాలి. రెండు వైపులూ నిండేదాకా మందు పేరెత్తకూడదు. ఎత్తినవాళ్ళు అందరికీ టీ తేవాలి."

మధ్యాహ్నం దాటేసరికి జవాబులరావు టీల కోసం మెట్లు దిగీ ఎక్కీ కాళ్ళు పీక్కుపోతున్నాయని మొత్తుకున్నాడు.

చీకటి పడబోతుండగా అక్క ఫోన్ వచ్చింది. పంతులమ్మ స్పీకర్ పెట్టించింది.

"మళ్ళీ పోయిందే! కిటికీ పక్క మంచం. గుండె కొట్టుకోవడం చూపించే తెర నల్లబడిపోయింది. మంచం మీదున్నాయనకి చేత్తో పట్టుకునే చిన్న యంత్రం తగిలించానులే. కానీ పెద్ద నర్సమ్మ ఇక్కడే నిలబడి ఉంది. లోపం నా చేతిలోనే ఉందంటోంది. ఇవాళ తేలకపోతే రేపటి నుంచి నన్ను ఈ వార్డులోకి రానివ్వదట."

ఆపరేషన్ అయినవాళ్ళను చూసుకునే ఆ వార్డు కోసం అక్క ఎంత కాచుకుని ఉందో చెల్లెలికి తెలుసు.

"అక్కా, ఆపి మళ్ళీ..."

"టీ!" అని కేక పెట్టాడు జవాబులరావు.

పంతులమ్మ నవ్వలేదు. బోర్డు మీద తెల్లగా మిగిలిన ‘లేదు’ సగాన్ని వేలితో తట్టింది.

చెల్లెలు ఫోన్ వైపు వంగింది. "అక్కా, గోడ వైపు మంచాల దగ్గర ఎప్పుడైనా పోయిందా?"

"లేదే."

"పొద్దుటి నర్సులకి?"

"వాళ్ళకీ లేదు. అందుకేగా అందరూ నా మీద పడుతున్నారు!"

ఇన్నాళ్ళుగా మాట్లాడుకుంటున్నారు కానీ, ఈ మాట ఎన్నడూ అడగలేదు. పంతులమ్మ రాస్తూ పోయింది.

"కిటికీ వైపు ఉండి గోడ వైపు లేనిదేమిటి?" అని గదిలోవాళ్ళను అడిగింది.

"కిటికీ," అన్నాడు జవాబులరావు. గదంతా గొల్లున నవ్వింది.

"నవ్వకండి. సరిగ్గానే చెప్పాడు," అంది పంతులమ్మ. అదీ రాసింది.

చెల్లెలు ఆ మాటనే చూస్తూ ఉండిపోయింది. కిటికీ. సాయంత్రం. అక్క.

"అక్కా, కిటికీ ఉందని నువ్వేమైనా చేస్తావా?"

"నేనేం చేస్తానే? వీధిలో దీపాలు వెలుగుతుంటే చూస్తామంటారు. మంచం తల వైపు పైకి లేపుతాను. పొద్దస్తమానం పైకప్పు చూసి చూసి విసుగెత్తదా మనిషికి?"

పంతులమ్మ అదీ ‘ఉంది’ వైపు రాసింది.

"ఇప్పుడూ లేపే ఉందా?"

"ఆఁ."

"మరి నేను ఆపి వేయమన్నప్పుడు?"

"ముందు దించుతాను. మీట వెనకాల ఉందిగా, మంచం లేచి ఉంటే చెయ్యి దూరదు."

ఇన్నాళ్ళూ పనిచేసింది తమ మందు కాదన్నమాట! ఆ మందు వేయడానికి అక్క మంచం దించడమే తెరను వెలిగించింది. తామేమో ప్రతిసారీ తమ ఘనతే అనుకుని ఫోన్ పెట్టేశారు.

"గోడ వైపు ఖాళీ మంచం ఉంటే, దాని తెర వెలిగించి తల వైపు లేపక్కా."

మంచం మోటారు సన్నగా మూలిగింది. అంతలో ఎవరిదో గంభీరమైన గొంతు, "అమ్మో! ఇదీ పోయిందే!" అంది. పెద్ద నర్సమ్మ. మోకాళ్ళ మీద వంగిందేమో, కాసేపటికి ఆ గొంతు మంచం కిందనుంచి వినిపించింది. "వైరు ఇనప చట్రానికి చుట్టేశారు. మంచం లేస్తే ప్లగ్గు వదులవుతోంది, దించితే మళ్ళీ కూర్చుంటోంది. ఎవరమ్మా ఇలా చుట్టిన మహానుభావులు? అన్నీ విప్పండి!"

చెల్లెలు ఆ వార్డులో ఎన్నడూ అడుగు పెట్టలేదు. అయినా ఇప్పుడు అది ఆమె కళ్ళ ముందే ఉంది: కిటికీ, అవతల ఒక్కొక్కటే వెలుగుతున్న దీపాలు, మెల్లగా లేస్తున్న మంచం. మూలన నిలబడి చూస్తున్నట్టే ఉంది. ‘లేదు’ అన్న చిన్న మాట తనను అంత దూరం తీసుకెళ్ళిందా?

"విప్పేశాం," అంది అక్క. "కిటికీ పక్కది దించి మళ్ళీ లేపుతున్నా."

మోటారు మూలిగింది.

"వెలుగుతోందే!"

వెనకనుంచి పెద్ద నర్సమ్మ గొంతు వినిపించింది, "ఇంకాస్త లేపమ్మా. అక్కణ్ణించి ఆయనకి వీధి ఏం కనపడుతుంది?"

జవాబులరావు చెల్లెలి వైపు తిరిగి "టీ..." అన్నాడు. ఆమె ఇంకా బోర్డునే చూస్తోంది. కాసేపు తనూ దాన్ని చూశాడు. తరవాత చప్పుడు చేయకుండా లేచి, తనే మెట్లు దిగాడు.