ఎనభై ఒకటో రోజు

అత్తగారు పోయిన రోజు, సీసాకు ఎనభై ఒకటో రోజు.

పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు, మెత్తని బట్ట పట్టుకుని వెళ్ళిన కోడలి చేతికి ఆ వీపు చల్లగా తగిలింది. మూడేళ్ళు మంచాన ఉండి పుళ్ళు పడిన వీపు అది. ఇంట్లో దాన్ని చూసింది ఆమె ఒక్కతే. కొడుకు గుమ్మంలో నిలబడి పలకరించి వెళ్ళేవాడు.

ఆమె ఉద్యోగం అలాంటి పుళ్ళకు మందు చేయడమే. ఆముదాన్ని కంటికి ఆననంత చిన్న బిందువులుగా నీటిలో విడగొట్టి, వాటిలో మందు ఇమిడ్చి, చర్మం లోపలికి పంపాలి. ఆ బిందువులు ల్యాబులోని సీసాలో తొంభై రోజులు ఒకదాన్నొకటి అంటుకోకుండా నిలిస్తేనే మనుషుల మీద పరీక్షకు అనుమతి అడగవచ్చు. అందాకా ఇంటికి చుక్క కూడా తేకూడదు.

“ఊళ్ళో వాళ్ళందరి వీపులూ కనిపిస్తాయి నా కోడలికి, నాది తప్ప,” అనేది అత్తగారు, వీపు తుడిపించుకుంటూనే.

ఆరు రోజుల తర్వాత ల్యాబుకు వెళ్తే సీసా కడిగి బోర్లించి ఉంది.

“ఎవరో చూడ్డానికొస్తున్నారని నేనే బల్ల సర్దానమ్మా. మంచినీళ్ళనుకున్నా,” అన్నాడు ల్యాబు పెద్దసారు. “అంత తేటగా ఉందంటే నీ పని కుదిరినట్టేగా.”

“చీటీ అంటించాను సార్.”

“చీటీలు చదివే తీరికెక్కడిది? తొంభై అని రాసి సంతకం పెట్టెయ్. వచ్చే నెల ఆసుపత్రికి పంపిద్దాం.”

రాత్రి అన్నం తింటూ భర్త కూడా అదే అన్నాడు. “పెట్టేయొచ్చుగా. పది రోజులకి కొంపలేం మునిగిపోవు. మా అమ్మకెలాగూ అందలేదు, ఇంకెవరమ్మకైనా అందుతుంది.”

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. నిజమే, అందలేదు. కానీ ఎనభై ఎనిమిదో రోజున నూనె విడిపోయే రకమైతే, ఒక పుండు మీద మందంతా పడి మండిస్తుంది, పక్క పుండుకు ఏమీ ఉండదు. పచ్చి పుండు మీద వేలి బరువు ఎంత ఎక్కువో ఆమెకు తెలుసు.

“మీ అమ్మ వీపు ఎప్పుడైనా చూశావా?” అంది.

అతను పెరుగు అడిగాడు. గిన్నె అతని చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆమె లేవలేదు.

మర్నాడు కాగితం మీద ‘ఎనభై రోజులు, ఆపైన చూడలేదు’ అని రాసి సంతకం పెట్టింది. పెద్దసారు ఆ కాగితాన్ని రెండు రోజులు తన బల్ల మీదే ఉంచుకున్నాడు. ఆ రెండు రోజుల్లో ఆమె కొత్త సీసా కలిపింది, మొదటి రోజు బిందువు కొలత రాసుకుంది.

ఇంకా ఎనభై తొమ్మిది రోజులు చూడాలి.