తాడు దాటిన అక్క

అక్క దర్జీ. చెల్లెలు సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల పార్కులో గైడు. ఆ దిబ్బల్లో ఒకప్పుడు సైన్యం ఫిరంగులు పేల్చేది. వాళ్ల నాన్న ఇరవై రెండేళ్లు అక్కడే ఫిరంగి దగ్గర పనిచేశాడు. అప్పట్లో ఇంట్లోవాళ్లను ముళ్లకంచె దరిదాపులకు కూడా రానిచ్చేవారు కాదు. సైన్యం ఖాళీ చేశాక, అక్కడ గూళ్లు పెట్టే పక్షుల కోసం దాన్ని రక్షిత ప్రాంతం చేశారు.

ఒక ఆదివారం అక్క మొదటిసారి ఆ పార్కు చూడడానికి వచ్చింది. చెల్లెలింట్లో ఉంటున్న నాన్న కూడా వచ్చాడు. చెక్కబాట మీద సందర్శకుల ముందు చెల్లెలు నడుస్తుంటే, నాన్న చెయ్యి పట్టుకుని అక్క అందరికంటే వెనక నడిచింది.

సగం ఇసుకలో కూరుకున్న బంకరు దగ్గర చెల్లెలు ఆగింది. ఇక్కడ గుడ్లు పొదుగుతున్న పిట్ట కోసం ఒక సైనికుడు, ఫిరంగి మొరాయించిందని అబద్ధమాడి మూడు రోజులు కాల్పులు ఆపించాడని చెప్పింది. ఆ సైనికుడు తన నాన్నేనంటూ వెనకున్న ఆయన్ని చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న సిగ్గుపడి నవ్వాడు.

అక్కకు కడుపు మండిపోయింది. పదేళ్ల వయసు నుంచి ఆయన చొక్కాలకు గుండీలు కుట్టింది తను. ఈ ముక్క తన చెవిన పడనేలేదు. నాన్న చెయ్యి వదిలేసి, చెక్కబాట దిగకుండా అడ్డంగా కట్టిన తాడు దాటి, బంకరు వైపు నడిచింది.

"తాడు దాటకూడదండీ," అంది చెల్లెలు, ఎవరో పరాయి మనిషితో అన్నట్టు.

"మా నాన్న తిరిగిన నేల. నువ్వెవరు నాకు అడ్డం చెప్పడానికి?"

చెల్లెలి ముఖం పాలిపోయింది. "అక్కా, కదలకు. కిందికి చూడు."

బొటనవేలికి జానెడు దూరంలో చుక్కలున్న గుడ్లు రెండు, ఇసుక రంగులోనే ఉన్నాయి. వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేస్తూ వెనక్కి రమ్మని నాన్న మెల్లగా చెబుతుంటే, అక్క అలాగే బయటపడింది.

తర్వాత బెంచీ మీద కూర్చుని, తనకెందుకు చెప్పలేదని నాన్నను అడిగింది.

"చెల్లి అడిగింది, చెప్పాను," అన్నాడాయన. "నువ్వు వచ్చినప్పుడల్లా మందులు వేసుకున్నారా అంటావు, వెళ్లిపోతావు."

అక్కకు అసూయ మాత్రం తగ్గలేదు. "ఆ అబద్ధం బయటపడలేదా నాన్నా?" అంది.

"బయటపడింది," అంటూ ఆయన మొదలుపెట్టాడు. అక్క ఎక్కాల్సిన బస్సుకు వేళయిందని చెప్పడానికి వచ్చిన చెల్లెలు అది విని ఆగిపోయింది. ఈ సంగతి ఆమెకూ తెలియదు.

"నువ్వెళ్లు," అంది అక్క. "ఇది నాకు చెబుతున్నారు."