మొదటి వరస సీటు

"ఈ విమానంలో మీ అమ్మగారిని కూర్చోబెడతారా, కెప్టెన్?"

బరంపురం హోటల్లో, పత్రికల వాళ్ల సమావేశంలో వెనక నుంచి ఎవరో అడిగారు. అనంతపద్మనాభం నవ్వాడు.

"మొదటి వరసలో" అన్నాడు.

ఆ రెండు మాటలే ఇప్పుడతని మెడకు చుట్టుకున్నాయి. కంపెనీ యజమాని వైకుంఠరావు వాటిని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి బస్టాండులో బోర్డు కట్టించాడు. మొదటి ప్రయాణానికి, అంటే బరంపురం నుంచి భువనేశ్వర్‌కి, మొదటి టికెట్టు కెప్టెన్ తల్లి కమలాంబగారి పేరు మీదే తీశాడు.

ఆ విమానం పేరు చెబితే పైలట్లు రెండు జట్లుగా చీలిపోతారు. విదేశంలో తయారైన రెండు ఇంజన్ల ప్రొపెల్లర్ విమానం అది. చిన్నది, మహా వేగం, రెక్కలు మరీ పొట్టి. "దానిదేం తప్పులేదు, నడపడం రాని వాళ్లు చచ్చారు" అంటుంది ఒక జట్టు. "వేగం కాస్త తగ్గిందా, రెక్క గాలి మీద పట్టు వదిలేస్తుంది, మళ్లీ అందదు" అంటుంది రెండోది. అనంతపద్మనాభం మొదటి జట్టు. పాత కంపెనీ మూతపడ్డాక అతన్ని పిలిచింది వైకుంఠరావు ఒక్కడే. కాబట్టి ఆ జట్టులో గట్టిగానే ఉన్నాడు.

కో పైలట్ నాగేశ్వరి అస్కా ఊరి అమ్మాయి. ఆమె రెండో జట్టు. ఆ సంగతి దాచుకోలేదు కూడా.

"నడుపుతాను సర్. మా అమ్మను మాత్రం ఎక్కించను" అంది మొదటి రోజే.

ఆ ఉదయం రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్ కంచె పొడుగునా జనం. టీవీ వాళ్లు ఉన్నారు. లంజిపల్లి నుంచి రెండు ఆటోల నిండా ఇరుగుపొరుగు ఆడవాళ్లు దిగారు. కమలాంబ పట్టుచీర కట్టుకుని, చేతిలో వెండి గిన్నె పట్టుకుని వచ్చింది.

"అమ్మా, నీకు మోకాళ్ల నొప్పి కదా. ఇంకో రోజు వెళ్దువుగాని" అన్నాడు అనంతపద్మనాభం మెల్లగా.

"ఏటీ? వీధంతా సెప్పేసినాను. ఇప్పుడు దిగిపోతే ఆ పక్కింటి బుల్లమ్మ నన్ను బతకనిస్తాదా? అయినా నువ్వే కదరా సెప్పినావు, మొదటి వరసని!"

"ఊరికే అన్నానమ్మా."

"ఊరికే అన్నాడట! ఊరికే అన్నమాటకి బోర్డు కట్టీసినారు సూడు."

వైకుంఠరావు మధ్యలోకి వచ్చాడు. "కెప్టెన్ బాబూ, అమ్మగారు ఎక్కకపోతే ఇంకెవరూ ఎక్కరు. మీకు తెలుసు, నాకు తెలుసు. కానీండి."

అనంతపద్మనాభం గబగబా విమానం చుట్టూ తిరిగి తనిఖీ ముగించి, కాక్‌పిట్‌లోకి ఎక్కేశాడు. కింద పూజ మొదలైంది. కొత్త బండి కొంటే బరంపురంలో ఎవరైనా చేసేదే. పంతులు నిమ్మకాయలు పెట్టాడు, కొబ్బరికాయ మాత్రం ప్రొపెల్లర్లకు దూరంగా కొట్టాలని నాగేశ్వరి పట్టుబట్టింది. తరవాత కమలాంబ తారాతారిణి అమ్మవారి దగ్గర నుంచి తెచ్చిన కుంకుమను చందనంలో కలిపి, విమానం ముక్కుకు బొట్టు పెట్టింది. గిన్నెలో ఇంకా మిగిలింది. విమానం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి మెట్లెక్కింది.

తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు కాక్‌పిట్ దాకా వినబడింది.

విమానం రన్‌వే మీద పరుగెత్తింది. వేగం మీటరు సూది సక్రమంగా లేచింది. చక్రాలు నేలను వదిలాయి. వెనక సీట్లలో చప్పట్లు.

అప్పుడు సూది పడటం మొదలెట్టింది.

నూట ముప్పై. నూట పది. తొంభై.

ఇంజన్లు రెండూ నిండు బలంతో మోగుతున్నాయి. అయినా సూది పడుతూనే ఉంది. రెండో జట్టు వాళ్ల మాటలన్నీ ఒక్కసారి అనంతపద్మనాభం చెవుల్లో మోగాయి. వేగం తగ్గిందా, రెక్క పట్టు వదిలేస్తుంది. వదిలేస్తోంది. అమ్మ వెనకే ఉంది.

వేగం అందుకోవాలని అతని చేతులు కంట్రోలును ముందుకు తోశాయి. ముక్కు వాలింది. అద్దంలో ఆకాశం పోయి ఇళ్ల కప్పులు నిండాయి. వెనక ఎవరో కేకవేశారు.

"వద్దు సర్!" నాగేశ్వరి తన వైపు కంట్రోలును బలంగా వెనక్కి లాగి పట్టుకుంది. "ఎత్తు మీటరు సూడండి!"

చూశాడు. ఎత్తు మీటరు అసలు కదల్లేదు. విమానం ఇంకా రన్‌వే మీదే నిలబడి ఉందని చెబుతోంది.

"వేగం నిజంగా పడిపోతే ఈ కంట్రోలు సేతిలో వణకాలి. వణుకుతోందా? మీటర్లు అబద్ధమాడతన్నాయి సర్. విమానం బాగానే ఉంది!"

అతని చేతులు ఇంకా ముందుకే తోస్తున్నాయి. ఆమె వెనక్కి లాగుతోంది. అలా ఎంతసేపో ఇద్దరికీ తెలియదు. చివరికి అతని వేళ్లు సడలాయి. ముక్కు లేచింది. దూరంగా గోపాల్‌పూర్ సముద్రం అద్దంలోకి ఏటవాలుగా వచ్చి, తిన్నగా నిలిచింది.

అప్పుడు అతనికి అమ్మ చేతిలోని వెండి గిన్నె గుర్తొచ్చింది.

విమానం రెండు పక్కలా, ముక్కు వెనకగా, గుండ్రంగా గీసిన చిన్న వలయాలుంటాయి. వాటి మధ్య సన్నటి రంధ్రాలు. బయటి గాలి ఒత్తిడి వాటిలోంచి వస్తేనే ఎత్తూ వేగమూ మీటర్లకు తెలిసేది. బొట్టు పెట్టమని పిలిచినట్టే ఉంటాయి ఆ వలయాలు.

"బొట్టు" అన్నాడు. "అమ్మ వాటికి బొట్టు పెట్టింది. నేల మీది గాలే లోపల బిగుసుకుపోయింది."

"అయితే రన్‌వే దగ్గరకొచ్చేసరికి మీటరు నిజమే సెప్తాది" అంది నాగేశ్వరి.

నిజమే చెప్పింది. ఇంజన్ బలాన్నీ, సముద్రపు గీతనూ నమ్ముకుని చుట్టు తిరిగి వస్తుంటే, సున్నా దగ్గర పడి ఉన్న సూది దిగేకొద్దీ లేచింది. చక్రాలు మెత్తగా ఆనాయి.

వైకుంఠరావు పరుగెత్తుకొచ్చాడు. కంచె దగ్గర జనం అప్పటికే అనేస్తున్నారు: "సెప్పినాం కాదా, అది దెయ్యం బండి అని!" టీవీ వాళ్ల మైకులు చుట్టుముట్టాయి. "ఆగ్యాఁ, కెప్టెన్ గారూ, విమానంలో లోపమా?"

మెకానిక్ వలయం దగ్గర వేలు పెట్టి తీశాడు. ఎర్రగా, తడిగా ఉంది.

అనంతపద్మనాభం నోరు తెరవబోయాడు. పక్షి అడ్డొచ్చిందని చెప్పాలనుకున్నాడు. అమ్మ పేరు రాకూడదు. పైగా, పక్షి అంటే ఇవాళ్టికి ప్రయాణం ఆగిపోతుంది.

"లోపం విమానానిది కాదు నాయినా, నాది" కమలాంబ మైకు ముందుకొచ్చి నిలబడింది. "కళ్లలాగుంటే రెండిటికీ బొట్టెట్టీసినాను. కళ్లల్లో చందనం కొడితే ఎవులికి మాత్రం దారి కనబడతాది?"

కంచె అవతల ఎవరో పకపక నవ్వారు. తరవాత అందరూ నవ్వారు. బుల్లమ్మ కూడా. విమానం మీద అన్నాళ్లుగా ఉన్న భయం ఆ నవ్వులో కొట్టుకుపోయింది. మెకానిక్ రంధ్రాలు కడిగి, మీటర్లు పరీక్షించి, అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు. దిగిన వాళ్లంతా మళ్లీ మెట్ల దగ్గర వరస కట్టారు. అందరికంటే ముందు కమలాంబ.

"ఏట్రా పద్మా, అలాగ నిలబడిపోనావు? నా గిన్నె ఆ పంతులికిచ్చీసినాను, భయం నేదు. పద!"

నాగేశ్వరి అతని పక్కకొచ్చింది. "నేను పొరబడ్డాను సర్. అంత వాలినా తిన్నగా లేచింది. మంచి విమానం ఇది. మా అమ్మనైనా ఎక్కిస్తాను."

అతను తన చేతుల కేసి చూసుకున్నాడు. ఇంజన్లు మోగుతున్నప్పుడు, రెక్కలు పట్టుతో ఉన్నప్పుడు, అవి విమానాన్ని నమ్మలేదు. ఊళ్లో మాటను నమ్మాయి. నాగేశ్వరి లాగకపోతే అమ్మతో సహా ఆ కప్పుల మీదికే తీసుకుపోయేవి. ఇన్నాళ్లూ మొదటి జట్టులో ఉన్నది అతని నోరు ఒక్కటే.

"ఆ తోసింది నేనని..." అన్నాడు.

"ఎవరికీ సెప్పను సర్."

చెబితే బాగుండుననిపించింది అతనికి.

"కానీండి కెప్టెన్ బాబూ!" వైకుంఠరావు అరిచాడు.

అనంతపద్మనాభం మళ్లీ విమానం చుట్టూ తిరిగాడు. ఈసారి మెల్లగా. టైర్లు నొక్కి చూశాడు, ప్రొపెల్లర్ రెక్కల అంచులు తడిమాడు, ఇంజన్ల కింద నూనె చుక్క కోసం వంగి చూశాడు, వలయాల దగ్గర మరీ ఆగాడు. ఒక్క తప్పు దొరికితే చాలు. ఇవాళ్టికి ఎగరక్కర్లేదు.

ఒక్కటీ దొరకలేదు.

మెట్లెక్కాడు. మొదటి వరసలో అమ్మ బెల్టు తానే పెట్టుకుని, ఒడిలో ఖాళీ చేతులు పెట్టుకుని, అతని కేసి నవ్వుతోంది.

వెనక తలుపు గడియ పడింది.