ఇన్ అంటే ఎవరి లోపలికి?

డ్రమ్ము తన కథ చెప్పుకుంటుందని కూర్చున్నారేమో, లేచి పోకండి. నేను ఒక వైరును. ఎలక్ట్రానిక్ డ్రమ్ముకూ కంప్యూటరుకూ నడుమ వేలాడే నాలుగు మూరల నల్ల వైరును. పని జరిగితే డ్రమ్ము గొప్ప, కంప్యూటరు గొప్ప, వాయించినవాడు గొప్ప. జరక్కపోతే ముందుగా పీకి చూసేది నన్నే.

నా ఒళ్లు ఎలా ఉంటుందో చెప్తాను. ఒక కొస కంప్యూటరులోకి పోతుంది. నడుమ అగ్గిపెట్టెంత డబ్బా, అందులో రెండు దీపాలు. ఎర్రది కరెంటు అందితే చాలు వెలుగుతుంది. పచ్చది నాలోంచి కబురు పోతేనే మినుకుమంటుంది. డబ్బాకు అవతల రెండు తోకలు. ఒక తోక మీద 'ఇన్' అనీ, రెండో దాని మీద 'అవుట్' అనీ ఇంగ్లీషు అక్షరాల చీటీలు. నా బతుకు ఆ రెండు చీటీల మీదే నడిచింది.

నాలోంచి చప్పుడు పోతుందనుకుంటారు. పోయేవి అంకెలు. రబ్బరు పళ్లెం మీద పుల్ల పడగానే డ్రమ్ము ఒక అంకె చెబుతుంది: ఫలానా పళ్లెం, ఇంత గట్టిగా పడింది అని. కంప్యూటరు ఆ అంకె చూసుకుని, తన దగ్గర దాచుకున్న చప్పుళ్లలో ఒకటి తీసి వినిపిస్తుంది. ఈ తంతుకు మిడి అని పేరు. పెద్ద శాస్త్రమేమీ లేదు. ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి. మనుషులకు అదే చేతకాదు కనుక నాకు ఇంత కథ వచ్చింది.

నన్ను చేసింది ఏ దేశమో తెలియదు. పొడుగాటి బల్ల ముందు నిలబడి నాకు చీటీలు అంటించిన ఆవిడ మాత్రం గుర్తుంది. తల ఎత్తే తీరిక లేదామెకు. చీటీ మీద ఏం రాయాలో పైవాడు చెప్పాడు, ఆమె అంటించింది. వాడు ఎక్కడ నిలబడి చెప్పాడో అడిగినవాళ్లు లేరు.

నన్ను మొదట కొన్నది నిజామాబాదులో ఒక చర్చి పాటల బృందం పెద్ద. చదువుకున్నవాడు. 'ఇన్' తోకను డ్రమ్ము 'ఇన్' బొక్కలో, 'అవుట్' తోకను 'అవుట్' బొక్కలో శ్రద్ధగా గుచ్చాడు. ఉలుకూ పలుకూ లేదు. నా కోసం ప్రార్థన కూడా చేశాడు పాపం. ఆ తర్వాత సొరుగులో పడేశాడు. రెండేళ్లు అందులోనే ఉన్నాను.

అక్కడి నుంచి ఒక పెళ్లి ఆర్కెస్ట్రా ఆయన చేతికి వచ్చాను. ఆయన ఫోనులో ఎవరినో తిడుతూ చీటీలు చూడకుండా గుచ్చాడు, తిరగేసి గుచ్చాడు. పని చేశాను! మూడేళ్లు ఒక్క దెబ్బ కూడా జారనివ్వలేదు. ఒక దసరాకు దుమ్ము దులుపుతూ నన్ను పీకి, ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని చీటీలు చదివి మరీ గుచ్చాడు. అంతే, మూగబోయాను. "వైరు కాలిపోయింది" అని తీర్పు చెప్పి, డ్రమ్ముతో పాటు నన్నూ మెట్‌పల్లి కనకరాజుకు ఇచ్చేశాడు.

కనకరాజుది పిల్లల దవాఖాన మీద ఒక గది. గోడలకు అట్టలు కొట్టి స్టూడియో అన్నాడు. ఊళ్లలో పాటలు కట్టేవాళ్లను పిలిచి రికార్డు చేసి ఫోన్లలోకి వదులుతాడు. మంచివాడే. తనకు తెలియని సంగతి ఉందని ఒప్పుకోవడానికి మాత్రం కొంచెం టైము పడుతుంది.

ఆ శనివారం మధ్యాహ్నం రెండింటికి ఇద్దరు ఆడవాళ్లు మెట్లెక్కి వచ్చారు. ఇద్దరూ బీడీలు చేసేవాళ్లు. నర్సవ్వ పెద్దది, పాట కట్టి పాడేది ఆమె. చిల్లులు పడ్డ తునికాకు ఇచ్చి, బీడీ బాగా లేదని మొహాన కొట్టే కార్ఖాన మీద పాట. సోమవారం పొద్దున కార్ఖాన గేటు ముందు ఆటోకు మైకు కట్టి దాన్ని వినిపించాలి. రెండో ఆమె భూలక్ష్మి. తండ్రి దగ్గర డప్పు నేర్చుకుంది. డప్పు చంకన వేసుకుని వచ్చింది.

"డప్పు కింద పెట్టక్కా," అన్నాడు కనకరాజు. "కింద దవాఖాన. ఒక్క దెబ్బ పడితె డాక్టర్ సారు పైకొస్తడు. గీ రబ్బరు పళ్లేల మీద కొట్టు. డప్పు చప్పుడే వస్తది, కంప్యూటర్ల ఉన్నది."

"కొట్టేది నేను, మోగేది నీ డబ్బానా?" అంది భూలక్ష్మి. "సరే, కానియ్ తమ్మీ."

డప్పు కొట్టే పుల్లలు, కుడిచేతి చిర్రా, ఎడమచేతి చిటికెన పుల్లా, తనవే తీసుకుంది. కొట్టింది. రబ్బరు టపటపమంది. కంప్యూటరు మాత్రం పలకలేదు. నన్ను తెచ్చాక కనకరాజు గుచ్చి చూడటం అదే మొదలు.

"ఐదైతె నేను నిజామాబాద్ బండెక్కుడే, పెళ్లి రికార్డింగున్నది," అన్నాడు కనకరాజు గడియారం చూసి. "అప్పటిదాంక ఇది రాకుంటె లూపు ఏసేస్త. ఎవలు గుర్తుపడ్తరక్కా?"

లూపు అంటే ఎక్కడో ఎవరో కొట్టిన డప్పు ముక్కను తెచ్చి పాట పొడుగూతా అతికించడం. ఆ పాటలో భూలక్ష్మి గొంతు లేదు. మైకు ముందు ఆమెకు నోరు పెగలదు. ఆమెకు ఉన్నవి చేతులు. ఆడదానికి డప్పేంది అని ఊళ్లో మగాళ్లు నవ్వితే ఓర్చుకుని, పన్నెండేళ్లుగా కాపాడుకున్న చేతులు. లూపు వేస్తే ఆ పాటలో ఆమె లేనట్టే.

కనకరాజు కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు. సాఫ్ట్‌వేరు తీసేసి మళ్లీ ఎక్కించాడు. డ్రమ్ముకు ఇయర్‌ఫోన్ పెట్టి విన్నాడు, డ్రమ్ము మోగుతోంది. మౌసుతో నొక్కాడు, కంప్యూటరులో డప్పు పలుకుతోంది. నా ఎర్ర దీపం చూశాడు, వెలుగుతోంది. డ్రమ్ము బాగుంది, కంప్యూటరు బాగుంది, నేను బాగున్నాను, పని ఒక్కటే జరగడం లేదు. ఇలాంటి కమిటీలు మీరూ చూసే ఉంటారు.

హైదరాబాదులో ఉన్న దోస్తుకు ఫోను చేశాడు. ఛానల్ పది పెట్టమన్నాడతను. పెట్టాడు. ఇన్‌పుట్ దగ్గర టిక్కు చూడమన్నాడు. ఉంది. "అయితె వైరు పోయిందిరా, మార్చు" అని పెట్టేశాడు. మెట్‌పల్లిలో నాలాంటిది ఇంకొకటి ఎక్కడ దొరుకుతుంది?

"ముందుగాల కొబ్బరికాయ కొట్టకపోతివా బిడ్డా?" అంది నర్సవ్వ.

"కొట్టిన అవ్వా, తెచ్చిన్నాడే కొట్టిన."

"అయితె అది కుళ్లిన కాయ."

మూడున్నర దాటింది. కనకరాజు లూపులు వెతకడం మొదలుపెట్టాడు. భూలక్ష్మి లేచి డ్రమ్ము వెనక్కు పోయి వంగి నన్ను చూసింది. అరిగిపోయిన వేళ్లతో నా తోక పట్టుకుంది.

"తమ్మీ, దీని మీద ఏం రాసున్నది?"

"ఇన్."

"అంటె?"

"లోపలికి అని."

"ఎవల లోపలికి?"

"ఎవల లోపలికేందక్కా! ఇన్ అంటె ఇన్‌లకే. చదివే పెట్టిన."

అన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. నాకు నోరుంటే కేక పెట్టేవాణ్ణి.

"మా కార్ఖాన కాడ రెండు కిటికీలుంటయ్," అంది భూలక్ష్మి, తొందర లేకుండా. "ఒకదాని మీద లోపలికి అని రాసుంటది, ఒకదాని మీద బయటికి అని. లోపలికి అన్న కాడ నేను బయటనే నిలబడ్త, ఎండల. లోపలికి పోయేది నా బీడి. బయటికి అన్న కాడ ఆకొస్తది, అది వచ్చేది నా సంచిలకు. బోర్డు రాసినోడు లోపల కుర్సీల కూసోని రాసిండు. గిది గూడ కంప్యూటర్ పక్కపొంటి కూసోనే రాసిన్రేమో. కంప్యూటర్ లోపలికి ఏం పోవాలె? డ్రమ్ము బయటికి చెప్పేదే గదా?"

"మొదటి దినం నేను గా కిటికీల తలకాయ పెట్టిన," అంది నర్సవ్వ. "లోపలికి రమ్మంటున్నరనుకొని!"

కనకరాజు నవ్వలేదు. నా వైపు చూశాడు, డ్రమ్ము బొక్కల వైపు చూశాడు. ఇంతసేపూ నోటికి నోరు, చెవికి చెవి ఆనించి, మాట్లాడు మాట్లాడు అని బతిమాలానని అతనికి అప్పుడు తట్టింది. తోకలు రెండూ పీకి మార్చి గుచ్చాడు.

"కొట్టక్కా."

ఆమె కొట్టింది. నా పచ్చ దీపం మినుకుమంది. స్పీకరు పెట్టెలోంచి చప్పుడు వచ్చింది, కానీ డప్పు చప్పుడు రాలేదు, ఈల వచ్చింది.

"ఓయమ్మో, కండక్టరొచ్చిండు!" అంది నర్సవ్వ.

ఈసారి తప్పు నాది కాదు. డ్రమ్ము చెప్పిన అంకెకు కంప్యూటరు పట్టికలో ఈల రాసి ఉంది. కనకరాజు ఒక్కో పళ్లెం కొట్టించి, దాని అంకె ఎదుట డప్పు చప్పుడు పెట్టాడు. చిర్రకు ఒకటి, చిటికెన పుల్లకు ఒకటి. పది నిమిషాల పని. ఈలోగా భూలక్ష్మి కిందికి పోయి దవాఖానలో తెల్ల ప్లాస్టరు ముక్క అడిగి తెచ్చింది. నా పాత చీటీలు గోటితో గీకేసింది. ప్లాస్టరు అంటించి పెన్నుతో తెలుగులో రాసింది: ఒక తోక మీద 'డ్రమ్ము చెప్పేది', ఇంకో దాని మీద 'డ్రమ్ము వినేది'. ఆ ప్లాస్టరు ఇప్పుడు మాసి నల్లబడింది. అయినా ఆ గదిలో నన్ను తప్పు గుచ్చినవాళ్లు మళ్లీ లేరు.

నాలుగుంబావుకు రికార్డింగు మొదలైంది. నర్సవ్వ పాట ఎత్తుకుంది, భూలక్ష్మి కొట్టింది. ఆమె దెబ్బలన్నీ నాలోంచే పోయాయి. రెండోసారికే పాట అయిపోయింది. కనకరాజు తెర మీద చూసి పెదవి విరిచాడు.

"నాలుగో దెబ్బ ప్రతిసారి లేటు పడ్తున్నదక్కా. సాపు చేస్త." ఒక మీట నొక్కాడు. దెబ్బలన్నీ బడిపిల్లల్లా గీత మీదికి వచ్చి నిలబడ్డాయి. వినిపించాడు.

భూలక్ష్మి ముఖం మాడింది. "గిది లూపే గదా తమ్మీ. నేనెందుకు కొట్టిన?"

"నువ్వు కొట్టిందే అక్కా! జెర సక్కగ చేసిన."

"అది లేటు గాదు. ఆడ కాలు పడ్తది. కాలు పడ్డంకనే కొట్టాలె. లే, నడువు."

"నేనా?"

"నువ్వే. సాపు చేసినవ్ గదా, దాని మీద నడువు."

గదిలో ఖాళీ ఆరడుగులుంటుంది. కనకరాజు లేచి, సాపు చేసిన దానికి నడిచాడు. మందుల చీటీ పట్టుకుని షాపుకు పోయేవాడిలా నడిచాడు. భూలక్ష్మి మీట వెనక్కి తిప్పించింది. తన చేయి ఉన్నది పెట్టించింది. నాలుగో దెబ్బ దగ్గర కనకరాజు కాలు ఒక్క క్షణం గాలిలో ఆగింది, పడింది, దాని మీద డప్పు పడింది. భుజాలు వాటంతట అవే లేచాయి. నర్సవ్వ వెనక చేరి పాట అందుకుంది. ఇద్దరూ ఆ అట్టల గదిలో మూడు చుట్లు తిరిగారు.

కనకరాజు వచ్చి కూర్చున్నాడు. సాపు చేసింది చెరిపేశాడు. ఆమె కొట్టింది కొట్టినట్టే ఉంచాడు. పాట కింద పేర్లు రాయడం మొదలుపెట్టాడు. పాట: నర్సవ్వ. డప్పు: భూలక్ష్మి.

"ఇంటిపేరు గూడ ఎయ్యి," అంది. "కార్ఖానల ముగ్గురు భూలక్ష్ములున్నరు. కొట్టింది ఎవలో తెల్వాలె."

"ఇంటిపేరేందక్కా?"

"మాతంగి."

కనకరాజు వేలు మీటల మీద ఆగింది. మా వైపు ఆ ఇంటిపేరు వింటే కులం వేరే అడగనక్కర్లేదు. "పెట్టమంటవా?" అన్నాడు, గొంతు తగ్గించి. "ఊళ్లె అందరి ఫోన్లల్లకు పోతది."

"పోనియ్," అంది భూలక్ష్మి. "డప్పెవలిదో ఊరికి తెల్వదా? చెయ్యెవలిదో తెల్వాలె."

ఒక్కో అక్షరం ఆమెను అడిగి కొట్టాడు. డప్పు: మాతంగి భూలక్ష్మి. ఐదుకు ఇంకా ఏడు నిమిషాలున్నాయి.