మనకి, మాకు

రాషెల్ గారికి డెబ్బై ఏడేళ్లు. టొరాంటో పక్కనున్న వాన్ అనే ఊళ్లో, మా అపార్ట్‌మెంటులోనే కింది అంతస్తులో ఉంటారు. ఎనిమిదేళ్లప్పుడు, యూదులన్న కారణంగా, ఆవిడ కుటుంబాన్ని ఈజిప్టు నుంచి వెళ్లగొట్టారు. ఆ కథనే ఇంగ్లీషులో నవలగా రాశారు. టొరాంటో తెలుగు పత్రిక కోసం నేను దాన్ని తెలుగు చేస్తున్నాను. ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, ఊరుకుంటానా!

నవలలో ప్రయాణానికి ముందురోజు చిన్నారి రాషెల్, తమ ఇంట్లోనే పెరుగుతున్న పిన్ని కొడుకు, ఆరేళ్ల సామీకి ఓడ దొరికిందని చెబుతుంది. తర్వాతి అధ్యాయంలో వాడు డెక్కు మీద కూర్చుని నారింజలు తింటాడు. అందుకని నేను "మనకి ఓడ దొరికింది" అని రాశాను. ఆవిడకి చదివి వినిపిస్తూ వ్యాకరణం కూడా వడ్డించాను.

"మీ ఇంగ్లీషులో 'వుయ్' ఒక్కటే రాషెల్ గారూ. మాకు రెండున్నాయి. వినేవాణ్ణి కలుపుకుంటే 'మనకి', వదిలేస్తే 'మాకు'."

ఆవిడ టీకప్పు కింద పెట్టేశారు.

"ఇంట్లో ఫ్రెంచి మాట్లాడేవాళ్లం. అందులోనూ ఒకటే," అన్నారు. "వాడి పేరు మా ప్రయాణం పేపర్స్‌లో లేదు కాంతీ. అమ్మానాన్నా అనుకుంటుంటే విన్నాను. అందరూ వాణ్ణే ముద్దు చేస్తారని నాకు కుళ్లు. నేనన్నది 'మాకు'. వాడు విన్నది 'మనకి'. తెలిసే అన్నాను. ఆ రాత్రి వాడు బూట్లు తొడుక్కునే పడుకున్నాడు."

"మరి నారింజలు?"

"నేనొక్కదాన్నే తిన్నాను. వాడు రేవులో పక్కింటావిడ చెయ్యి పట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత ఎంత వెతికినా దొరకలేదు."

నా పాండిత్యం తగలబడ, ఎందుకు నోరు విప్పానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. సిగ్గుతో ఆవిడ మొహం చూడలేకపోయాను.

"ఆ మాట ఎగ్గొట్టి రాయొచ్చా?" అన్నారు ఆవిడే.

"రాయొచ్చు. ఉత్త 'ఓడ దొరికింది' అన్నా సరిపోతుంది," అన్నాను ఆత్రంగా.

"వద్దు. ఇన్నేళ్లూ నేను చేసింది అదే. 'మాకు' అని రాయి. నారింజల చాప్టర్ తీసెయ్యి. నిజంగా జరిగింది రాసిస్తాను."

'మనకి' కొట్టేసి, కాగితాలు సర్దుకుని లేచాను. తలుపు దాకా వచ్చాక పిలిచారు.

"వాడు విన్న మాట ఇంకోసారి చెప్పు."

"మనకి."

ఆవిడ పెదవులు రెండుమూడు సార్లు కదిలాయి.

"మనకి, సామీ," అన్నారు.