సుక్కమ్మ సిగం

సిగం వచ్చినప్పుడు ఎట్లా ఉంటుందని అందరూ నన్నే అడుగుతారు. ఊగేది నేనే, పలికేది నా నోరే, కాని ఆ సంగతి అందరికన్నా తక్కువ తెలిసింది నాకే. డప్పు ముందు చెవుల్లో మోగుతుంది, తరువాత కడుపులో మోగుతుంది. మైసాక్షి పొగలో మనుషుల మొహాలు నీళ్లలో కదిలినట్టు కదులుతాయి. ఎవరో నా రెక్క పట్టుకుని, నాలోంచి నన్ను మెల్లగా పక్కకు జరుపుతారు. అంతే. మళ్లీ కళ్లు తెరిచేసరికి మా ఆయన ఒళ్లో తల పెట్టుకుని పడుకుని ఉంటాను, నోటి నిండా నిమ్మకాయ పులుపు. ఆ మధ్యలో ఎల్లమ్మ తల్లి మా మీర్‌పేట్ బస్తీ వాళ్లకు ఏం చెప్పిందో ఒక్క ముక్క కూడా గుర్తుండదు.

నేనేం పలికానో నాకు చెప్పేది మా ఆయన వెంకటనర్సయ్య. ఆటో తోలుతాడు. మాటలకు కూడా మీటర్ వేస్తాడు మహానుభావుడు. "సైదులుది పోయిన బండి దొరుకుతదన్నవ్. అండాలమ్మ బిడ్డకు సంబంధం కుదురుతదన్నవ్. ఇగ లే, చాయ్ పెట్టు," అంటాడు. నేను కొంగుతో మొహం తుడుచుకుంటూ, ఎవరో పక్కింటావిడ ముచ్చట విన్నట్టు వింటాను.

ఇప్పుడు చెప్పబోయేది నాకు గుర్తున్న ఒకే ఒక్క సిగం.

తెలంగాణ కోసం బంద్ మీద బంద్ జరుగుతున్న యేడు అది. నేను చైతన్యపురిలో విశ్వేశ్వరరావు సారు కర్రీ పాయింట్‌లో పనిచేసేదాన్ని. కూరగాయలు తరగడం, గిన్నెలు తోమడం. వాళ్లది గుంటూరు వైపు. కోచింగ్ పిల్లలంతా అక్కడే కూరలు కట్టించుకుని హాస్టళ్లకు పోయేవారు. సారు భార్య అరుణమ్మ నాకు సొంత అక్కతో సమానం. మా ధర్మేందర్ నిక్కర్ల నాటి నుంచి, బడి విడవగానే ఆ వెనక గదిలో బియ్యం మూటలెక్కి కూచునేవాడు. "పెద్దమ్మా, గోంగూర," అని ఆమెను సతాయించి సతాయించి తిని పెరిగాడు.

ఒక బంద్ రోజు సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఊరేగింపు వచ్చింది. షాపులన్నీ మూసే ఉన్నాయి. మొహానికి రుమాలు కట్టుకున్న ఎవడో ముట్టించిన పెట్రోల్ సీసాను మా షాపు షట్టర్ సందులోంచి లోపలికి విసిరాడు. లోపల సారు ఉన్నాడు. షాపు ఎటూ మూసేశాం కదా అని బెంచీ మీద కునుకు తీస్తున్నాడు. పాపం, గ్యాస్ సిలిండర్ పేలుతుందని దాన్ని వెనక గుమ్మం లోంచి ఈడ్చబోయి రెండు చేతులూ మోచేతుల దాకా కాల్చుకున్నాడు.

ఆ వారంలోనే పోలీసులొచ్చి మా ధర్మేందర్‌ను పట్టుకుపోయారు. ఊరేగింపులో ముందున్నాడట, రుమాలు కట్టుకున్నవాడి పొడుగుతో సరిపోయాడట. బెయిల్ మీద ఇంటికొచ్చాక వాడు, "నేను గాదమ్మా," అన్నాడు. ఒక్కసారే అన్నాడు. మళ్లీ అడగబోతే లేచి బయటికి పోయాడు.

నమ్మాను. నమ్మకేం చేస్తాను, కన్నదాన్ని! కాని బంద్ రోజు ఇంటికి రాగానే వాడు తన చొక్కా తానే ఉతుక్కున్నాడు. తిన్న కంచం ఇటు నుంచి అటు పెట్టని దొరబాబు. ఆ రోజు తీగ మీద చొక్కా చూసి, పోనీలే బుద్ధొచ్చింది అనుకుని మురిసిపోయాను కూడా. తరువాత ఆ చొక్కా నా కళ్ల ముందు నుంచి పోలేదు. నాదర్‌గుల్ వైపు నుంచి చిన్న విమానాలు, ఎవరో నేర్చుకునేవాళ్లవి, జుమ్మని మా కప్పుల మీదుగా తిరుగుతుంటాయి. ఆ మోత కింద గడపలో కూచుని, ఉత్త తీగను చూస్తూ పొద్దుపుచ్చేదాన్ని. తీగ మీద ఏమీ లేకపోయినా చొక్కా ఊగుతూనే ఉండేది.

కడుపున పుట్టినవాణ్ని అనుమానించడమంత సిగ్గు ఇంకోటి లేదు. అన్నం పెడుతూ వాడి చేతులే చూసేదాన్ని. ఈ చేతులేనా? పప్పు కలుపుకునే ఈ చేతులేనా? వాడు తలెత్తితే చప్పున చెంబు అందుకునేదాన్ని. పగలు కాస్త కన్నంటితే కలలో కర్రీ పాయింట్ వచ్చేది. మంట లేదు, పొగ లేదు. మా వాడు నిక్కరేసుకుని మూటల మీద కూచుని తింటుండగా షట్టర్ దానంతటదే మెల్లగా దిగేది. నేను బయట చేతిలో గిన్నెతో నిలబడి ఉండేదాన్ని. పిలుద్దామంటే నోరు పెగిలేది కాదు.

"దవాఖానకు పోయి సారును ఒక్కపారి చూసిరా బిడ్డా," అంటే వాడు పోలేదు. నేనే పోయాను.

సారు రెండు చేతులూ తెల్లటి కట్లలో దిండ్ల మీద ఉన్నాయి. అరుణమ్మ ఆయనకు చెంచాతో జావ తాగిస్తోంది. నన్ను చూసి కూడా జావ అయిపోయేదాకా తాగించింది. తరువాత గిన్నె పక్కన పెట్టి చెప్పింది.

"సుక్కమ్మా, నాకు కోర్టులు తెలియవు. ఈయన గుండె ఆపరేషనప్పుడు డాక్టర్లే పెదవి విరిస్తే, నీ తల్లి బతుకుతాడంది. బతికారు. బోనాల రోజు వచ్చి నీ తల్లినే అడుగుతాను. ధర్మేందర్ కాదంటే, మాకు వాడి మీద అనుమానం లేదని రాసిచ్చేస్తాను. కేసు అంతటితో పోతుందని మా వకీలు చెప్పాడు. వాడే అంటే మాత్రం నన్ను బతిమాలకు."

"నీ పిల్లాడు కాకూడదమ్మా," అన్నాడు సారు, కట్ల వంక చూసుకుంటూ.

బస్సు దొరక్క ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి నడుచుకుంటూ వస్తుంటే సన్నగా వాన పట్టింది. లోకంలో అందరికీ తల్లిని అడిగే దారి ఉంది, నాకే లేదు. ఆమె వచ్చినప్పుడు నేనుండను, నేనున్నప్పుడు ఆమె ఉండదు. ఇన్నేళ్లు ఒకే ఒంట్లో ఉన్నాం, ఒక్కసారి ఎదురుపడలేదు.

ఇంటికొచ్చి మా ఆయన్ను నిలదీశాను. "తల్లి ఏం చెప్తే గది నాకు నిజంగ చెప్తవా? కడుపుల దాసుకోవు గదా?"

"నేను దాస్తె ఏమైతదే? బస్తీ బస్తీ అంత వింటది గదా," అన్నాడు.

నిజమే! వాడు చేసి ఉంటే, అందరి ముందూ నా నోరే నా కొడుకును జైలుకు పంపుతుంది. నాకు తెలియను కూడా తెలియదు.

బోనాల ఆదివారం మబ్బు ఇళ్ల మీదికి దిగి కూచుంది. పసుపు రాసుకుని, బోనమెత్తుకుని, డప్పుల వెనక నడిచాను. సందు పొడుగునా కట్టిన వేపమండలు తడిసి నా తలకు తగులుతున్నాయి. అండాలమ్మ నా కాళ్ల మీద సాక పోసింది. చల్లటి నీళ్లు. ఆ చలి నాకు మామూలుగా తెలియదు. ఆ రోజు తెలిసింది.

గుడి ముందు డప్పు దరువు మారింది. పొగ వేశారు. కళ్లు మూసుకున్నాను. డప్పు చెవుల దగ్గరే నిలబడిపోయింది, లోపలికి దిగలేదు. రా తల్లీ అని మొక్కాను. వెంటనే, వద్దు తల్లీ రాకు అని మొక్కాను. ఆమె మాత్రం ఏం చేస్తుంది? రాలేదు.

కళ్లు సగం తెరిచి చూశాను. ఎదురుగా అరుణమ్మ, పళ్లెంలో కొబ్బరికాయ, నిమ్మకాయలు. మనిషి సగమైపోయింది. ఆమె వెనక అందరూ నా కోసమే ఎదురుచూస్తున్నారు. దొంగ సిగం ఊగేవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టినదాన్ని నేను. కాని ఆ ఘడియలో నాకు ఒకటే తోచింది. తల్లి రాకపోవడమే మంచిదయింది. ఒక్క మాట, కాదు అనే ఒక్క మాట నా నోటితో నేనే అంటే నా కొడుకు బయటపడతాడు.

జుట్టు విప్పి ఊగాను.

వెనక నుంచి నడుము పట్టుకున్న మా ఆయన చేతులు ఒక్కసారి బిగుసుకున్నాయి. ఇన్నేళ్లు నా బరువు మోసిన మనిషి, ఆయనకు తెలిసిపోయింది. కాని వదల్లేదు.

తల్లి నిలబడే చోటు నుంచి మా బస్తీని మొదటిసారి చూశాను. నల్లా దగ్గర నా జుట్టు పట్టుకున్నంత పనిచేసే అండాలమ్మ చంటిపిల్లలా నోరు తెరుచుకుని చూస్తోంది. తాగి వాగే సైదులు చేతులు జోడించి ఏడుస్తున్నాడు. పొగలో, వానలో, రంగు లైట్ల వెలుగులో అందరి మొహాలూ కడిగినట్టున్నాయి. నన్నెవరూ ఎప్పుడూ అంత ప్రేమగా చూడలేదు. ఎంత అందంగా ఉన్నారో! వీళ్లను ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా చూడలేదే అని నాకు దుఃఖమొచ్చింది.

అప్పుడు గుంపును తోసుకుంటూ మా ధర్మేందర్ వచ్చాడు. వచ్చి దబ్బున నా కాళ్ల మీద పడి, చీలమండలు గట్టిగా పట్టుకున్నాడు. డప్పుల మోతలో వాడి మాటలు వంగి ఉన్న నాకు తప్ప ఎవరికీ వినిపించవు.

"తల్లీ, నేనే. నేనే ఇసిరిన. లోపట మనిషున్నడని తెల్వది తల్లీ, నీ మీద ఒట్టు. ఆంధ్రోళ్ల గిన్నెలు తోముతది మీయమ్మ, నీకేం తెలంగాణరా అని దోస్తులందరు నవ్విన్రు. రోషమొచ్చింది. సీసా చేతికిచ్చిన్రు. సారు చేతులు మంచిగ చెయ్యి తల్లీ. నన్నేమన్న జెయ్యి. మా అమ్మకు మాత్రం ఎరుక కానియ్యకు. అమ్మ సచ్చిపోతది."

నేను చావలేదు. తన్నాలనిపించింది. ఎత్తుకోవాలనిపించింది. నా గిన్నెల గురించి వాణ్ని చూసి నవ్వారు, వాడు ఆ నవ్వును ఇంటికి మోసుకొచ్చి ఒక్కడే దాచుకున్నాడు. పిచ్చి నాగన్నా, ఆ గిన్నెల్లోనే కదరా నువ్వు తిన్నది! నా కన్నీళ్లు వాడి వీపు మీద పడుతున్నాయి. వాడు వాన అనుకున్నాడో ఏమో, తలెత్తలేదు.

అరుణమ్మ చెయ్యెత్తింది. డప్పులు ఆగాయి.

"తల్లీ," అంది. "మా ఆయన చేతులు కాల్చింది ఈ అబ్బాయేనా?"

కాదు. రెండక్షరాలు. నాలుక మీదికి వచ్చి కూచున్నాయి. కాని నా కాళ్లు పట్టుకున్నవాడికి నిజం తెలుసు. తల్లికి చెప్పుకున్నాను, తల్లి నా కోసం అబద్ధమాడింది అని వాడు బతికినన్నాళ్లు అనుకుంటాడు. ఇక వాడికి భయపడి నిలబడే చోటంటూ ఉండదు. పోనీ, వాడే అని తల్లి గొంతుతో పలికితే? నమ్మి చెప్పుకుంటే తల్లే పట్టించింది అనుకుంటాడు. ఇక దేనికీ మోకరిల్లడు. ఎల్లమ్మ పేరు మీద ఏది పలికినా నా కొడుకు నాకు మిగలడు.

ఊగడం ఆపాను. జుట్టు ముడి వేసుకున్నాను. సిగంలో ఉన్న మనిషి జుట్టు ముడేసుకోవడం మా బస్తీలో ఎవరూ చూసి ఉండరు.

"అక్కా, తల్లి రాలే ఇయ్యాల," అన్నాను. "నేను సుక్కమ్మనే. దొంగ సిగం ఊగిన."

గుప్పున లేచింది బస్తీ. "థూ, నీ నోట్ల మన్నుబడ!" అని అండాలమ్మ అరిచింది. అననీ, నేనైనా అదే అనేదాన్ని. నా చూపంతా కింద ఉంది. చీలమండల మీద వేళ్లు ఒక్కొక్కటే సడలాయి. వాడు మెల్లగా తలెత్తాడు. మొహమంతా పసుపూ బురదా.

"అమ్మా? నువ్వేనా?"

"నేనే బిడ్డా."

"విన్నవా?"

"విన్న. సచ్చిపోలే, సూడు. గట్లనే ఉన్న." వాడి చెంపలు రెండు చేతుల్లోకి తీసుకున్నాను. "నాకు చెప్పుడు అయిపోయింది. పెద్దమ్మ ఆడ నిలబడ్డది. పో. నేనీడనే ఉంట."

వాడు లేచాడు. ఆ కాస్త దూరం నడవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. వాన సన్నగా పడుతూనే ఉంది, ఎవరూ కదలడం లేదు. వాడు అరుణమ్మ ముందు నిలబడి, బస్తీ అంతా వినేటట్టు, "పెద్దమ్మా, నేనే," అన్నాడు.

ఆమె పళ్లెం కింద పెట్టింది. వాడి చెంప మీద ఒకటి కొట్టింది. ఇంకోటి కొట్టింది. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మా ఆయన కదలబోతే నేను ఆపాను. కొట్టీ కొట్టీ అలిసి, ఆ చేత్తోనే వాడి చొక్కా పట్టుకుని, అరుణమ్మ వాడి భుజం మీదుగా నా వైపు చూసింది.

"కాదని ఒక్క మాట అనుంటే నమ్మేదాన్ని కదే సుక్కమ్మా," అంది.

"నమ్ముతవక్కా," అన్నాను. "గందుకే అనలే."